ఆకాశంలో దస్తర్‌ఖాన్

 

విద్యార్థి దశలో మేము హైదరాబాదు నుండి దేవ్‌బంద్‌కు వెళ్ళేటప్పుడు ఢిల్లీ దాకా రైలులో ఒక పగలూ ఒక రాత్రీ గడిపేవారము. బయలుదేరే ముందు మా అమ్మగారు రొట్టెలు చేసి, నడుమ మామిడికాయ పచ్చడి ఉంచి, శుభ్రమైన పాత గుడ్డలో మూటగట్టి ఇచ్చేవారు. ఉడికించిన గుడ్లు నాలుగు, బెల్లం ముక్క ఒకటి అందులో తప్పక ఉండేవి. నాగపూర్ దాటేసరికి రొట్టెలు గట్టిపడేవి. అయినా బిస్మిల్లాహ్ అని తిని, స్టేషను కుళాయి నీళ్ళు త్రాగి, అల్‌హమ్దులిల్లాహ్ అనుకునేవారము. రైలు మాకు అన్నం పెట్టాలని మేము ఎన్నడూ ఆశించలేదు. ఆశించలేదు గనుక రైలుపై మాకు ఎన్నడూ కోపమూ రాలేదు.

గడచిన జనవరి మాసంలో అదే ఢిల్లీకి మేము విమానంలో వెళ్ళి వచ్చాము. అదీ ముందు వరుసలలో, మెత్తని వెడల్పాటి ఆసనాలలో కూర్చుని! ఆ ప్రయాణంలో మా ముందుకు వచ్చిన పళ్ళెం గురించి, రాని పళ్ళెం గురించి ఈ నెల మీతో ముచ్చటించదలచాము. తిండి విషయం ఇన్ని పుటలలో వ్రాయడమా అని మీరు అనుకోవచ్చు. వ్రాయడానికి కారణం ఉన్నది. ఆ ప్రయాణంలో మేము ఒక తప్పు చేశాము. దాని మూల్యం మా ఇంట్లోని మనిషి చెల్లించవలసి వచ్చింది.

మా మేనల్లుడు నోయిడాలో ఉద్యోగం చేస్తున్నాడు. అతనికి కుమార్తె జన్మించింది. అఖీఖాకు మేము దంపతులమిద్దరం తప్పక రావాలని పట్టుబట్టాడు. “మామూజాన్! మీ మోకాళ్ళ సంగతి నాకు తెలియదా? వెనుక సీట్లలో కాళ్ళు ముడుచుకుని మీరు కూర్చోలేరు. నా ఆఫీసు ప్రయాణాలలో పోగైన పాయింట్లు ఉన్నాయి. వాటితో ముందు సీట్లు తీసుకుంటాను” అన్నాడు. మేము వద్దన్నాము. అతను వినలేదు.

ఈ ముందు సీట్లను జనం వాడుకలో ఫస్ట్ క్లాసు అంటారు. మన దేశీయ విమానాలలో దాని అసలు పేరు బిజినెస్ క్లాసు. సాధారణంగా ఎనిమిదో పన్నెండో ఆసనాలు, వాటికీ వెనుక భాగానికీ మధ్య ఒక తెర ఉంటాయి. కూర్చోగానే నీళ్ళో, పండ్ల రసమో, మజ్జిగో ఇస్తారు. చేతులు తుడుచుకోవడానికి తడి తువ్వాలు ఇస్తారు. విమానం పైకి లేచి నిలకడగా సాగడం మొదలుపెట్టాక, గుడ్డ పరచిన పళ్ళెంలో పింగాణీ గిన్నెలతో భోజనం వస్తుంది. రెండు మూడు రకాలలో కోరినది ఎంచుకోవచ్చు. దీని వెల టికెట్టులోనే కలిసి ఉంటుంది. మా మేనల్లుడు ఇవన్నీ ఫోనులో వర్ణించి, “మీకు ముస్లిం మీల్, మామీజాన్‌కు షుగరు వారి మీల్ చెప్పి ఉంచాను. మీరు నిశ్చింతగా వెళ్ళి కూర్చోండి” అన్నాడు.

నిశ్చింత అన్న ఆ మాటే మమ్మల్ని చెడగొట్టింది. వారం రోజులుగా మనసులో ఒక పళ్ళెం తయారవుతూ వచ్చింది. దాని మీద ఏమేమి ఉంటాయో కూడా ఊహించుకున్నాము. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా నిజం ఇదే.

ప్రయాణానికి రెండు రోజుల ముందు, ఢిల్లీలో పొగమంచు కారణంగా మా విమానం రద్దయిందనీ, అదే రోజు ఉదయం మరొక విమానంలో సీట్లు ఇచ్చామనీ సందేశం వచ్చింది. సీట్లు ముందు వరుసలలోనే దొరికాయి. ఎవరూ అంతకుమించి ఆలోచించలేదు.

విమానం ఎక్కాము. పైకి లేచిన ఇరవై నిమిషాలకు ఒక యువతి చేతిలో జాబితా పట్టుకుని వచ్చింది. మా కుమార్తె వయసు ఉంటుంది. “సార్, ఉదయపు ఫలహారంలో ఇడ్లీ, ఉప్మా ఉన్నాయి. మాంసాహారంలో ఆమ్లెట్, చికెన్ సాసేజ్ ఉన్నాయి. ఏది ఇమ్మంటారు?” అని అడిగింది. మా పేర్లతో ముస్లిం మీల్, షుగరు మీల్ ఉండాలి కదా అన్నాము. ఆమె జాబితా రెండుసార్లు చూసి, “క్షమించండి సార్, మీ కోరిక ఇందులో నమోదై లేదు” అన్నది.

అప్పుడు మేము అన్న మాటలు ఇక్కడ వ్రాయవలసి వస్తున్నందుకు లజ్జిస్తున్నాము. “ఇంత ఖరీదైన టికెట్టు పెట్టి ఒక ముసల్మాను తినగలిగే భోజనం ఇవ్వలేరా? అడిగింది గుర్తుంచుకోలేనివారు ఈ ఉద్యోగం ఎందుకు చేస్తున్నట్లు?” అన్నాము. గొంతు కూడా పెరిగింది. ముందు వరుసలోని వారు వెనుదిరిగి చూశారు. ఆ టికెట్టు మా డబ్బుతో కొన్నది కూడా కాదు. ఆ అమ్మాయి మరొకసారి క్షమాపణ చెప్పి, శాకాహార ఫలహారంతో పాటు పండ్ల గిన్నె అదనంగా తెచ్చి పెట్టింది. మేము పళ్ళెం ముట్టుకోలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాము.

మా శ్రీమతి తన ఇడ్లీ తింటూ, మాకు మాత్రమే వినిపించేలా, “ఇడ్లీ ఎప్పటి నుండి హరామ్ అయిందండీ?” అన్నది. మేము జవాబు చెప్పలేదు. ఢిల్లీలో దిగేటప్పుడు ఆ అమ్మాయి తలుపు దగ్గర నిలబడి అందరికీ నమస్కరిస్తున్నది. మేము తల తిప్పుకుని దిగిపోయాము.

అఖీఖా శుభప్రదంగా జరిగింది. ఆ రాత్రి మా మేనల్లుడు ఫోను చేసి విచారిస్తే అసలు సంగతి తెలిసింది. ప్రత్యేక భోజనపు కోరిక మనిషికి కాక, బుక్ చేసిన ఆ విమానానికి ముడిపడి నమోదవుతుంది. విమానం మారినప్పుడు ఆ కోరిక కొత్త టికెట్టుకు తనంతట తాను వెళ్ళకపోవచ్చు. మళ్ళీ చెప్పి, నమోదైందో లేదో చూసుకోవాలి. మేము చూసుకోలేదు. కోరిక నమోదు కాని చోట, విమానం లోపల ఉన్న అమ్మాయి ఆకాశంలో మరో పళ్ళెం ఎక్కడి నుండి తెస్తుంది?

విమానంలో వంట జరగదు. అక్కడ మంట వెలిగించరు. విమానాశ్రయానికి దగ్గరలోని పెద్ద వంటశాలలో కొన్ని గంటల ముందే వండి, వెంటనే యంత్రంలో బాగా చల్లబరచి, ప్రయాణికుల లెక్క ప్రకారం గిన్నెలలో సర్ది, తోపుడు పెట్టెలలో విమానం ఎక్కిస్తారు. లోపల చేసేది వేడిగాలి పొయ్యిలో మళ్ళీ వెచ్చబెట్టడం మాత్రమే. లెక్కలో లేనిది లోపల ఉండదు. ఉన్నదాని రుచికి కూడా వండినవారిని నిందించి ప్రయోజనం లేదు. విమానం లోపలి గాలి ఒత్తిడి 6,000 నుండి 8,000 అడుగుల ఎత్తు గల కొండ మీద ఉన్నట్లుగా ఉంటుంది. ఆ గాలి మిక్కిలి పొడిది. ముక్కు ఎండి వాసన సరిగా తెలియదు. ఉప్పు, తీపి నాలుకకు తక్కువగా తోస్తాయి. ఇంటి దగ్గర కమ్మగా ఉండే పప్పే అక్కడ చప్పగా ఉంటుంది.

1919 అక్టోబరులో లండన్, పారిస్ నగరాల మధ్య విమాన ప్రయాణికులకు మొదటిసారి భోజనం అమ్మారని చరిత్ర చెబుతున్నది. మూడు షిల్లింగులకు ఒక పెట్టెలో రొట్టె ముక్కలు, పండ్లు. మా అమ్మగారి మూటకు అది దగ్గరి బంధువే! అక్కడ మొదలై పింగాణీ గిన్నెల వరకు వచ్చాము. సౌకర్యం పెరగడంలో తప్పు లేదు. సౌకర్యాన్ని హక్కుగా, హక్కును గర్వంగా మార్చుకోవడంలోనే తప్పు ఉన్నది.

ఇక తిరుగు ప్రయాణం. ఈ భాగం వ్రాయడం మాకు మరింత కష్టం.

మా శ్రీమతికి పన్నెండేళ్ళుగా మధుమేహం ఉంది. రాత్రి భోజనానికి ముందు ఇన్సులిన్ సూది వేసుకోవాలి. మా విమానం సాయంత్రం 7 గంటలకు. ఈసారి మా మేనల్లుడు ఉదయమే ఫోను చేసి రెండు ప్రత్యేక భోజనాలూ నమోదై ఉన్నాయని నిర్ధారించుకున్నాడు. ముందు తరగతి ప్రయాణికులకు విమానాశ్రయంలో ప్రత్యేక విశ్రాంతి గది ఉంటుంది. అక్కడ అన్నం, రొట్టె, కూరలు అన్నీ ఉన్నాయి. పైన ఎలాగూ పెడతారు కదా అని మేము టీ త్రాగి ఊరుకున్నాము. ఆమె టీ కూడా త్రాగలేదు. చేతి సంచిలో ఎప్పుడూ ఉండే ఖర్జూరాల డబ్బాను బయలుదేరే ముందు మేనల్లుడి ఇంట్లో పిల్లలకు ఇచ్చేసి వచ్చింది.

వెళ్ళేటప్పటి అనుభవంతో ఆమె ఒక లెక్క వేసుకున్నది. 7 గంటలకు బయలుదేరితే 7.30 కల్లా పళ్ళెం ముందుకు వస్తుంది. కనుక తలుపులు మూసే ముందు సీటులోనే సూది వేసుకున్నది. పండ్ల రసం ఇవ్వబోతే, షుగరు అని చెప్పి నీళ్ళు మాత్రమే పుచ్చుకున్నది.

తలుపులు మూశారు. విమానం కదిలి కొంత దూరం పోయి ఆగింది. పొగమంచు వల్ల విమానాలు బారులు తీరి ఉన్నాయనీ, మన వంతు వచ్చేవరకు వేచి ఉండాలనీ పైలట్ ప్రకటించారు. బెల్టులు విప్పకూడదు. సిబ్బంది కూడా తమ ఆసనాలలో కూర్చున్నారు. 7.30 అయింది. 8 కావచ్చింది. మేము తస్బీహ్ తిప్పుతూ కళ్ళు మూసుకుని ఉన్నాము. పక్కన ఆమె చేయి మా చేతికి తగిలింది. చల్లగా, చెమటతో తడిసి ఉంది. చూస్తే నుదుట చెమట, పెదవులు వణుకుతున్నాయి. పిలిస్తే మాట తడబడుతున్నది.

మేము గంట నొక్కాము. ఒక యువకుడు వెంటనే లేచి వచ్చాడు. “షుగరు, ఇన్సులిన్ వేసుకున్నది, ఏమీ తినలేదు” అన్న మూడు మాటలు చాలాయి. మరొక ప్రశ్న అడగకుండా నారింజ రసం, చక్కెర పొట్లాలు తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, గ్లాసు తానే పట్టుకుని త్రాగించాడు. మా సంచిలోని యంత్రంతో పరీక్షిస్తే 58 చూపింది. 70 కన్న తగ్గితే ప్రమాదం. పదిహేను నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించమని ఆ యువకుడే గుర్తుచేశాడు. అప్పటికి 94 కు వచ్చింది. ఆపైన బిస్కట్లు ఇచ్చాడు. అల్‌హమ్దులిల్లాహ్, ముఖంలో రంగు తిరిగి వచ్చింది.

8.40 కి విమానం లేచింది. 9 దాటాక పళ్ళాలు వచ్చాయి. మా పళ్ళెం మీద ముస్లిం మీల్ అన్న చీటీ, ఆమె పళ్ళెం మీద షుగరు మీల్ చీటీ సక్రమంగా అతికించి ఉన్నాయి. వారం రోజుల క్రితం మేము కేకలు వేసింది ఈ చీటీ కోసమే. ఆ రాత్రి ఆ భోజనం రుచిగా ఉన్నదో లేదో మాకు గుర్తు లేదు.

ఇంటికి చేరాక అడిగాము, “ఒళ్ళు తేడాగా ఉందని ముందే ఎందుకు చెప్పలేదు? ఎనిమిది వరకు ఎందుకు ఊరుకున్నావు?” అని.

ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “చెబితే మీరు భోజనం ఏదని మళ్ళీ ఆ పిల్లవాడి మీద కేకలు వేస్తారేమోనని భయపడ్డానండీ. కాసేపు ఓర్చుకుంటే అదే వస్తుందిలే అనుకున్నాను” అన్నది.

పాఠక సోదరులారా, సోదరీమణులారా! ముప్పై ఏళ్ళకు దగ్గరగా మేము మద్రసాలో పిల్లలకు భోజన మర్యాదలు బోధిస్తున్నాము. దైవప్రవక్త (స) ఏనాడూ భోజనానికి వంక పెట్టలేదనీ, ఇష్టమైతే భుజించేవారనీ, లేకుంటే మౌనంగా వదిలివేసేవారనీ బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉన్న విషయాన్ని ప్రతి ఏటా క్రొత్త పిల్లలకు కంఠస్థం చేయిస్తాము. హజ్రత్ అనస్ (రజి) చిన్ననాటి నుండి ఏళ్ళ తరబడి ఆయన సేవలో ఉన్నా ఒక్కసారి కూడా విసుగు మాట వినలేదని చెప్పి, సేవ చేసేవారి పట్ల ఎలా మెలగాలో వివరిస్తాము. ఆ పాఠం మా నాలుక మీద ఉన్నది. ముప్పై వేల అడుగుల ఎత్తున, ఒక ఇడ్లీ పళ్ళెం ముందు, అది మా గొంతులోకి దిగలేదని తేలింది.

మన కోపం ఎవరి మీద చూపామో వారి దగ్గరే ఆగదు. పక్కన కూర్చున్న మనిషి నోరు కూడా మూయిస్తుంది. ఆ ఉదయం మేము ఒక అపరిచిత యువతిని నొప్పించామనుకున్నాము. నిజానికి మా ఇంటి మనిషికి కూడా, ఇకపై అవసరం వచ్చినా అడగవద్దని చెప్పినట్లయింది. ఇంట్లో కూరలో ఉప్పు తగ్గిందని గిన్నె తోసేసే తండ్రిని చూసి, తనకు ఆకలి అని చెప్పడం మానుకునే పిల్లలు ఉంటారు. అలాంటి పిల్లలను మేము మద్రసాలో చూశాము. దస్తర్‌ఖాన్ నేల మీద పరచినా ఆకాశంలో పరచినా దాని చుట్టూ ఉన్నవారు నిర్భయంగా అడగగలగాలి.

అందుచేత, ఇప్పుడు మన కుటుంబాలు కూడా తరచు విమానం ఎక్కుతున్నందున, మేము ఆలస్యంగా నేర్చుకున్నవి మీకు ముందుగా చెప్పదలచాము.

మొదటిది, ఎంత ఆశించాలో తెలుసుకోండి. ముందు సీటు అన్నంత మాత్రాన ప్రతి ప్రయాణంలో విందు ఉండదు. హైదరాబాదు నుండి విజయవాడకు పట్టేది ఒక గంట. ఎక్కడం, దిగడం పోను మిగిలేది కొద్ది నిమిషాలే. అక్కడ చల్లని చిరుతిండి, ఒక పానీయం దొరికితే చాలు. రెండు గంటలు దాటే ఢిల్లీ వంటి ప్రయాణాలలో వేళను బట్టి ఫలహారమో భోజనమో ఉంటుంది. నడి మధ్యాహ్నం, మధ్యాహ్నం తరువాత వెళ్ళే విమానాలలో చిరుతిండితోనే సరిపెట్టవచ్చు. వెనుక సీట్లలోనైతే చాలా సంస్థలు ఆహారాన్ని అమ్ముతాయి, ఉచితంగా ఇవ్వవు. డాలస్, చికాగోలలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు ఒక సంగతి గమనించాలి. అమెరికాలో దేశీయ విమానాల ముందు భాగాన్ని ఫస్ట్ క్లాసు అనే పిలుస్తారు. పేరు పెద్దదైనా, పెద్ద సంస్థలలో సుమారు 900 మైళ్ళ దూరం ఉంటే తప్ప సాధారణంగా పూర్తి భోజనం ఉండదు. అంతకు లోపు ప్రయాణాలలో ఒక బుట్టలో చిప్స్, బిస్కట్లు, పండ్లు తెచ్చి ఎంచుకోమంటారు. అక్కడ మద్యం కూడా ఉచితంగా ఇస్తారు. కనుక ఏ పానీయమో అడిగి తెలుసుకుని పుచ్చుకోవాలి. మన దేశీయ విమానాలలో మద్యం వడ్డించరు.

రెండవది, కావలసినది ముందుగా అడగండి. అడగడం ఫిర్యాదు కాదు. ప్రత్యేక భోజనాలకు విమానయాన సంస్థలలో నాలుగు అక్షరాల గుర్తులు ఉన్నాయి. ముస్లిం భోజనానికి ఎం.ఓ.ఎం.ఎల్., మధుమేహం ఉన్నవారికి డి.బి.ఎం.ఎల్., మన దేశపు పద్ధతి శాకాహారానికి ఏ.వి.ఎం.ఎల్. సాధారణంగా కనీసం 24 గంటల ముందు చెప్పాలి. ముందుగా కోరి నమోదు చేసుకున్న ముస్లిం భోజనానికే హలాల్ ధ్రువపత్రం వర్తిస్తుందని 2024 నవంబరులో ఎయిర్ ఇండియా ప్రకటించింది. కాబట్టి వచ్చాక చూద్దాంలే అనుకోవడం సరికాదు. విమానం మారితే కోరికను మళ్ళీ చెప్పి నిర్ధారించుకోండి. ఇంత చేసినా రాకపోతే, శాకాహారం ఉన్నది. పండ్లు ఉన్నాయి. మాంసం విషయంలో సందేహం ఉంటే వదిలేయడం మన ధర్మం. వదిలేసేటప్పుడు చిరునవ్వుతో వదిలేయడం కూడా అందులో భాగమే.

మూడవది, ప్రాణాన్ని పళ్ళెం రాక మీద ఆధారపడనివ్వకండి. ఇన్సులిన్ తీసుకునేవారు విమానంలో భోజనం కళ్ళ ముందు కనబడేవరకు సూది వేసుకోవద్దు. ప్రయాణానికి ముందే మీ డాక్టరుగారిని అడిగి వేళలు సరిచూసుకోండి. ఖర్జూరాలు, బిస్కట్లు, చక్కెర చేతి సంచిలోనే ఉండాలి. సామానులో వేసిన పెట్టెలో ఉంటే లేనట్లే. ఎక్కగానే సిబ్బందికి మీ పరిస్థితి ఒక్క మాటలో చెప్పండి. షుగరు పడిపోయినట్లు అనిపిస్తే మొహమాటం విడిచి వెంటనే గంట నొక్కండి. రెండేళ్ళ వ్యవధిలో ఎన్ని మార్పులు వచ్చాయో గుర్తుచేసుకోండి. 2020 మేలో దేశీయ విమానాలు తిరిగి మొదలైనప్పుడు భోజనం పూర్తిగా నిలిపివేశారు. ఆ ఏడాది ఆగస్టు చివర పొట్లాల ఆహారానికి అనుమతి వచ్చింది. 2021 ఏప్రిల్‌లో రెండు గంటల లోపు ప్రయాణాలకు మళ్ళీ ఆపి, నవంబరులో పునరుద్ధరించారు. ఆకాశంలోని అన్నం ఎప్పుడైనా రాకపోవచ్చు.

నాలుగవది, హక్కు ఉన్నచోట మర్యాదగా అడగండి. రెండున్నర గంటల లోపు ప్రయాణం రెండు గంటలు లేదా అంతకుమించి ఆలస్యమైతే, వేళకు వచ్చిన ప్రయాణికులకు భోజనమో ఫలహారమో ఇవ్వాలని మన పౌర విమానయాన నియమాలు చెబుతున్నాయి. ఈ మాట గొంతు పెంచకుండా కూడా చెప్పవచ్చు.

అయిదవది, వృథా చేయకండి. మన ముందు పెట్టిన పళ్ళెంలో మిగిలినది మరొకరికి వడ్డించరు. ఆకలి లేకపోతే ముందే వద్దని చెప్పండి. తెలియని పదార్థం ఏమిటో అడిగి, తినేదే ఉంచుకోండి.

రమజాన్ మాసంలో ప్రయాణించేవారికి ఒక మాట. ప్రయాణికునికి ఉపవాసం విరమించి తరువాత పూర్తి చేసుకునే సౌలభ్యాన్ని దివ్య ఖుర్ఆన్ ఇచ్చింది. ఉపవాసంతోనే వెళ్ళదలచినవారు పళ్ళెం ఇప్పుడు వద్దనీ, సూర్యాస్తమయం తరువాత ఇమ్మనీ సిబ్బందికి ముందే చెబితే సంతోషంగా ఉంచి ఇస్తారు. క్రింద ఉన్న నగరంలో అజాన్ అయినా, మీ కిటికీ నుండి సూర్యుడు కనబడుతున్నంత వరకు మీకు ఇఫ్తార్ వేళ కాదని ఉలమా చెబుతారు. అందుకోసం మూడు ఖర్జూరాలు జేబులో ఉంటే పళ్ళెం కోసం ఎదురుచూడనవసరం లేదు.

తిరిగి వచ్చిన తరువాత మేము మేనల్లుడితో ఆ విమానయాన సంస్థకు రెండు ఉత్తరాలు పంపించాము. ఒకటి, ఆ యువకునికి కృతజ్ఞతలు తెలుపుతూ. రెండవది, వెళ్ళేటప్పుడు మేము నొప్పించిన ఆ అమ్మాయికి క్షమాపణ చెబుతూ. విమానం సంఖ్య, తేదీ, మా సీటు సంఖ్య వ్రాశాము. మొదటి దానికి జవాబు వచ్చింది. రెండవది ఆ అమ్మాయికి చేరిందో లేదో అల్లాహ్‌కే తెలుసు. మనిషి మనసు నొప్పించిన పాపానికి ఆ మనిషి క్షమాపణే ముఖ్యమని మేమే పిల్లలకు బోధిస్తాము. అందుకే ఆ బరువు ఇంకా మాపైనే ఉన్నది.

ఇంట్లో మాత్రం ఒక మార్పు వచ్చింది. ఇప్పుడు భోజనానికి కూర్చునే ముందు మేము ఆమెను అడుగుతాము, “సూది వేసుకున్నావా? ముందు నీవు తిను” అని. మొదటి నాలుగు రోజులు ఆమె నవ్వి ఊరుకున్నది. అయిదవ రోజు, “ఈ రోజు ఆకలిగా ఉందండీ, తొందరగా తినేద్దాం” అన్నది. ఎన్నో ఏళ్ళ తరువాత విన్న మాట అది.

మనకు దొరికిన అన్నంలో తృప్తినీ, దానిని అందించే చేతుల పట్ల గౌరవాన్నీ, మన పక్కన కూర్చున్నవారి ఆకలిని గుర్తించే దృష్టినీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.